నల్గొండలో త్రీడీ కోర్సుకు డబ్బులు కట్టేవాళ్లు ముందు ఇది చదవండి

నిన్న మధ్యాహ్నం జరిగింది. రాత్రంతా నిద్ర పట్టలేదు, తెల్లారగానే కూర్చుని రాస్తున్నాను. త్రీడీ డిజైన్ నేర్పిస్తామని ఊరంతా పాంప్లెట్లు పంచారు కదా, ఆ సెంటర్ గురించే. పేరు రాయను, పాంప్లెట్ చూసినవాళ్లకు ఎలాగూ తెలుసు. నాకు పోయింది 12,500 రూపాయలు. అందులో 9,000 కోర్సు ఫీజు, 3,500 ‘బ్లెండర్ లైఫ్‌టైమ్ లైసెన్స్’.

ఆ 3,500 సంగతే ముందు చెప్తాను. బ్లెండర్ అంటే త్రీడీ డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్, దానికి లైసెన్స్ ఫీజు అనేదే లేదు. బ్లెండర్ డాట్ ఆర్గ్‌లోకి వెళ్తే ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, నేర్చుకోవచ్చు, దాంతో పని చేసి సంపాదించుకోవచ్చు కూడా. దాన్ని తయారుచేసిన టోన్ రోసెందాల్ 2002లో జనం దగ్గర లక్ష యూరోలు పోగుచేసి, ఆ సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్‌తో సహా అందరికీ వదిలేశాడు. అలా జనం డబ్బుతో జనానికి వచ్చినదాన్ని రంగు కాగితం మీద ప్రింట్ తీసి, స్టాంపు కొట్టి నాకు అమ్మారు. హైదరాబాద్‌లో ఉండే మా బావ మొన్న ఆదివారం ఫోన్‌లో ‘దానికి లైసెన్స్ ఏందిరా?’ అని అడిగేదాకా నాకు తెలియదు. చేరే ముందు ఐదు నిమిషాలు వెతికి చూసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను.

మా నాన్న వడ్రంగి, నకిరేకల్ దగ్గర. తలుపులు, దర్వాజలు, కిటికీలు చేస్తాడు. కడుతున్న ఇంటివాళ్లకు డిజైన్ ముందే కంప్యూటర్‌లో చూపిస్తే పని బాగా వస్తుందని నేనే నాన్నను ఒప్పించాను. ఒక ఇంటి తలుపుల పని డబ్బులు రాగానే తెచ్చి కట్టాడు. రోజూ బస్సులో నల్గొండ వచ్చి పోయేవాణ్ని.

మొదటి వారమంతా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన వీడియోలు చూడమన్నారు. వాటిలో మౌస్ కుడి బటన్‌తో వస్తువును సెలెక్ట్ చేస్తున్నారు. నేను కుడి బటన్ నొక్కితే మెనూ తెరుచుకుంటుంది తప్ప ఏదీ సెలెక్ట్ కాదు. మూడు రోజులు నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. సార్‌ను అడిగితే మౌస్ మార్చమన్నాడు, 400 పెట్టి మార్చాను. తర్వాత తెలిసింది, ఆ వీడియోలు బ్లెండర్ పాత వెర్షన్ 2.79 నాటివి. 2019 జులైలో 2.80 వచ్చినప్పుడే సెలెక్ట్ చేయడం ఎడమ బటన్‌కు మారింది. నా లాప్‌టాప్‌లో వాళ్లు వేసింది కొత్తది, చూడమన్నది పాతది.

తర్వాత జరపడం, తిప్పడం. జరపడానికి జి, తిప్పడానికి ఆర్, సైజుకు ఎస్. ఈ మూడు అక్షరాలు బోర్డు మీద రాసి క్లాసు అయిపోయిందన్నారు. జి నొక్కి మౌస్ కదిపి తలుపును దర్వాజలో పెట్టాను. ముందు నుంచి చూస్తే చక్కగా కూర్చుంది. పక్కకు తిప్పి చూస్తే తలుపు మూరెడు దూరంలో గాల్లో ఉంది. స్క్రీన్‌లో లోతు మన కంటికి కనబడదు కాబట్టి జి తర్వాత ఎక్స్, వై, జెడ్‌లలో ఒకటి నొక్కి ఏ దిక్కున జరగాలో కట్టేయాలి. ఈ ఒక్క మాట వాళ్లు చెప్పలేదు. నాలుగు తలుపులు అలా గాల్లో పెట్టాక నాకు నేనే కనుక్కున్నాను.

ఇక తిప్పడం దగ్గర పూర్తిగా ఆగిపోయాను. తలుపు తెరిచి చూపిద్దామని ఆర్, జెడ్, 90, ఎంటర్ కొడితే తలుపు సరిగ్గా నడుమ మీద తిరుగుతుంది. సగం ఇంట్లోకి, సగం బయటికి. సార్ వచ్చి చూసి, ఆర్ కొట్టి మళ్లీ వెనక్కి తిప్పి, ‘సాఫ్ట్‌వేర్ అంతే, తెరిచిన తలుపును వేరేగా గీసుకో’ అన్నాడు. పదిహేను రోజులు అదే మాట.

ఇంట్లో నాన్నకు చూపించాను. ఆయనకు కంప్యూటర్ ముట్టుకోవడం కూడా రాదు. స్క్రీన్ వైపు వంగి చూసి, ‘బందు యాడుందో దానికి చెప్పకపోతే తలుపు నడిమిట్ల తిరగక ఏం జేస్తది బిడ్డా?’ అన్నాడు.

సరిగ్గా అదే సంగతి. ప్రతి వస్తువుకూ ఆరెంజ్ రంగు చుక్క ఒకటి ఉంటుంది, దాన్ని ఆరిజిన్ అంటారు. వస్తువు దాని చుట్టూ తిరుగుతుంది. మనం పెట్టె నుంచి తలుపు చేస్తే ఆ చుక్క పెట్టె నడుమనే ఉండిపోతుంది. టాబ్ నొక్కి ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి, బందు ఉండే వైపు నిలువు అంచును సెలెక్ట్ చేసి, షిఫ్ట్ ఎస్ కొట్టి ‘కర్సర్ టు సెలెక్టెడ్’ ఇవ్వాలి. మళ్లీ టాబ్ నొక్కి బయటికి వచ్చి, కుడి బటన్ మెనూలో సెట్ ఆరిజిన్‌కు వెళ్లి ‘ఆరిజిన్ టు త్రీడీ కర్సర్’ ఎంచుకోవాలి. ఆ రాత్రి ఇది చేసి ఆర్, జెడ్, 90 కొట్టగానే తలుపు బందు మీద తెరుచుకుంది. నాన్న మంచం మీద నుంచి లేచి వచ్చి, మూయమని, తెరవమని నాలుగుసార్లు చేయించుకున్నాడు. ఇవన్నీ కలిపి రెండు నిమిషాల పాఠం. దానికి 9,000 కట్టి పదిహేను రోజులు తిరిగాను.

నిన్న లాప్‌టాప్ తీసుకుని సెంటర్‌కు వెళ్లాను. కొట్లాడే ఉద్దేశం లేదు. ‘సార్, తలుపు ఇలా తెరుచుకుంటుంది, మిగతావాళ్లకు కూడా చెప్పండి. లైసెన్స్ ఫ్రీ అంట కదా, ఆ 3,500 వెనక్కి ఇవ్వండి’ అని మెల్లగానే అడిగాను. ఆయన స్క్రీన్ వైపు చూడనేలేదు. పదిమంది పిల్లల ముందు నా లాప్‌టాప్ మూత ఠప్పున మూసి, ‘వడ్రంగి కొడుకువి, రంద పట్టుకో పో. కంప్యూటర్లు నీకెందుకు తమ్మీ?’ అన్నాడు. ఎవరో నవ్వారు. నాకు గొంతులోంచి మాట రాలేదు. బస్టాండ్ దాకా నడుచుకుంటూ వచ్చాక గానీ, ఏమనాల్సిందో ఒక్కొక్కటిగా గుర్తురాలేదు.

డబ్బుల బాధ కంటే ఈ మాట బాధే ఎక్కువగా ఉంది. ఆ డబ్బులు వచ్చింది రంద పట్టిన చేతుల్లోంచే. ఆయన పదిహేను రోజుల్లో చెప్పలేనిది ఒక్క చూపులో చెప్పింది కూడా ఆ చేతులున్న మనిషే. ఇంటికి వచ్చి నాన్నకు డబ్బులు రాలేదని మాత్రమే చెప్పాను, ఈ మాట చెప్పలేదు.

రసీదు 9,000కే ఇచ్చారు. 3,500 ఆయన సొంత నంబర్‌కు ఫోన్‌పే చేయించుకున్నారు, దాని స్క్రీన్‌షాట్ ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఈరోజే ఫిర్యాదు ఇస్తున్నాను.

చేరాలనుకునేవాళ్లు కనీసం ఇది చేయండి. డబ్బు కట్టే ముందు ఒక తలుపు చేయించి, బందు మీద తెరిచి చూపించమనండి. చూపిస్తే చేరండి. బ్లెండర్ లైసెన్స్ అని ఎవరు అడిగినా ఒక్క రూపాయి ఇవ్వకండి. వీడియోలు ఏ వెర్షన్‌వో అడగండి.

నాతో పాటు మరో ఏడెనిమిది మంది ఆ కాగితం కొన్నారని తెలుసు. మీ దగ్గర ఉంటే ఫొటో తీసి నాకు మెసేజ్ చేయండి, పారేయకండి. ఫిర్యాదు అందరి పేరు మీద ఇద్దాం.