రెండున్నరేళ్లుగా నా బూట్లలో ఉన్న ఇన్‌సోల్స్

నేను కడపలో బస్సు కండక్టర్ని. ఎక్కువగా రాయచోటి రూటు. గువ్వలచెరువు ఘాట్లో ఒక్కో మలుపుకూ కాలు బిగబట్టి నిలబడాలి. నాకు ఆ బరువంతా ఎడమ కాలి మీదే పడేది. మూడేళ్ల కిందట పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉండేది. పది అడుగులకు కొంచెం సర్దుకునేది, డ్యూటీ దిగేసరికి మళ్లీ మొదలు. కొన్నాళ్లకు చీలమండ లోపలి పక్క నుంచి పిక్క దాకా లాగడం కూడా తోడైంది.

ఎక్స్‌రేలో మడమ ఎముక కొసన చిన్న ముల్లులాంటిది కనబడింది. ఎముక పెరిగిందని భయపడ్డాను. అలాంటి ముల్లు ఏ నొప్పీ లేనివాళ్లకు కూడా ఉంటుందనీ, నా బాధ మడమ నుంచి వేళ్ల దాకా పాదం కింద సాగే గట్టి పట్టీదనీ డాక్టరు చెప్పారు. ఎడమ పాదం చదునుగా ఉందన్నారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని నడవలో నల్లటి కడప బండల మీద నాలుగడుగులు వేసి చూసుకున్నా. కుడికాలి తడి ముద్రకు నడిమధ్యన వంపు ఉంది. ఎడమది ఖాళీ లేకుండా మొత్తం పడింది. ఇరవై ఏళ్లుగా ఆ బండల మీదే తిరుగుతూ ఒక్కనాడూ గమనించలేదు.

ఆ వంపును కింద నుంచి ఎత్తిపట్టేలా బూట్ల లోపల పెట్టుకునే అట్టలే ఈ ఇన్‌సోల్స్. వేరే ఊళ్లో చేయించుకున్నా. పీవోపీ పట్టీలు (ఎముక విరిగితే కట్టే సిమెంటు కట్టువి) తడిపి పాదానికి చుట్టి, చీలమండను సరైన తీరులో పట్టుకుని, గట్టిపడేదాకా కదలనివ్వలేదు. ఆ అచ్చును బట్టి గట్టి ప్లాస్టిక్ షీటును వేడిచేసి వంచి, పైన ఈవీఏ అనే మెత్తటి స్పాంజిలాంటి పొర అంటించారు. జతకు 4,500 రూపాయలు.

మొదటి నెల నరకం చూశాను. ఇన్‌సోల్ వంపు మరీ ఎత్తుగా వచ్చింది, గుండ్రాయి మీద నిలబడినట్టుండేది. కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలని అక్కడ ఎవరూ చెప్పలేదు. తెచ్చిన రోజే ఎనిమిది గంటలు వేసుకుంటే పొక్కులు లేచినాయి, మోకాలు పట్టేసింది. రెండుసార్లు తిరిగి పోతే అరగదీసి సరిచేసి ఇచ్చినారు. డబ్బు తీసుకున్న రోజే ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. మీరు చేయించుకుంటే మొదటి రోజు ఒక గంట చాలు, తర్వాత రోజుకో గంట పెంచండి. షుగరు ఉండి కాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు డాక్టరును అడక్కుండా ఇలాంటి గట్టివి అసలు వేసుకోవద్దు. పుండు పడినా వాళ్లకు తెలియదు.

బూట్లు కూడా మార్చాల్సి వచ్చింది. పాతవాటిలో లోపలి అట్ట తీసేసినా మడమ పైకి జారేది. ఒక సైజు పెద్దవి, వెనక గట్టిగా ఉండి తాళ్లున్నవి తీసుకున్నా. షాపుకు ఇన్‌సోల్స్ చేతబట్టుకుని పోండి.

ఇంత చేసినా రెండు నెలలకు సగమే తగ్గింది. కారణం ఇంట్లో దొరికింది. ఇన్‌సోల్ బూట్లో కాలు ఉన్నంతసేపే పనిచేస్తుంది. మనమేమో గడప దగ్గరే అన్నీ విడిచేస్తాం. డ్యూటీ లేని గంటలన్నీ నేను వట్టికాళ్లతో బండల మీదే ఉన్నా. ఎమ్‌సీఆర్ చెప్పులు (మెత్తటి రబ్బరువి) తెచ్చి ఇంట్లో వేసుకుంటే మా అమ్మ ఊరుకోలేదు. "ఇంట్లో చెప్పులేందిరా, దేవుని పటాలున్న చోట!" అంది. ఈ జత వీధి మొహం చూడదని చెప్పి, ఆమె ముందే కడిగి చూపిస్తే ఒప్పుకుంది. ఆ తర్వాత మూడు నెలలకు పొద్దుటి నొప్పి పోయింది. పిక్క లాగడం కూడా అప్పుడే తగ్గింది.

అంతా ఇన్‌సోల్ గొప్పే అనను. గోడకు చేతులానించి పిక్కలు సాగదీయడం రోజుకు మూడుసార్లు చేశా, ఇప్పటికీ చేస్తున్నా. 2006లో ఆస్ట్రేలియాలో 135 మంది మడమ నొప్పి వాళ్లను పరీక్షించారు. అచ్చు తీసి చేసినవీ రెడీమేడ్‌వీ మొదటి మూడు నెలల్లో కొంత మేలు చేశాయి. ఏడాది తిరిగేసరికి ఉత్త పల్చటి స్పాంజి పెట్టుకున్నవాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా లేదు. అందుకే ఉత్త మడమ నొప్పయితే ముందు రెడీమేడ్‌వి వాడి చూడమని మా డ్రైవరన్నలకు చెప్తుంటా. నా ఎడమ పాదం తీరు వేరు కాబట్టి నాకు ఇవే నప్పాయి.

ప్లాస్టిక్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పై పొర మాత్రం పద్నాలుగు నెలలకు అణిగిపోయింది, బొటనవేలి కింద గుడ్డ చిరిగి తెల్లటి ఈవీఏ బయటపడింది. 600 ఇచ్చి మార్పించా. మే నెలలో బూట్లు ఇంజను పక్కన పెడితే జిగురు వదిలేసింది. రోజూ రాత్రి తీసి నీడన ఆరబెట్టకపోతే వాసన పట్టేస్తుంది.

మొన్న ఉగాదికి దేవుని కడప గుడిలో గంటన్నర వట్టికాళ్లతో క్యూలో నిలబడ్డా. ఆ రాత్రి మడమ సలిపింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల బాటిల్ పాదం కింద పెట్టుకుని పావుగంట దొర్లించి పడుకున్నా. తెల్లారి ఐదింటి బస్సుకు లేస్తే మొదటి అడుగు మామూలుగానే పడింది.