డైవర్లకు ప్రమాద బీమా: డాన్ సభ్యత్వం ఎంతవరకు ఆదుకుంటుంది?

స్కూబా డైవింగ్ ప్రమాదాల్లో వైద్య సలహా, సాయం అందించే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్‌ను డైవర్లందరూ ‘డాన్’ అనే పిలుస్తారు. ఆ సంస్థ ఇచ్చే వార్షిక సభ్యత్వాన్నీ, దానితోపాటు విడిగా కొనవలసిన డైవింగ్ ప్రమాద బీమానూ కొన్నేళ్లుగా నేను క్రమం తప్పకుండా పునరుద్ధరించుకుంటున్నాను. అండమాన్, పుదుచ్చేరి, కర్ణాటక తీరంలోని నేత్రాణి, మాల్దీవులు వంటి చోట్ల ఇప్పుడు హైదరాబాద్, విశాఖపట్నం నుంచి వచ్చిన డైవర్లు తరచుగా తారసపడుతున్నారు. వారిలో డైవ్ కంప్యూటర్‌కూ మాస్కుకూ ధారాళంగా ఖర్చుపెట్టినవారు కూడా బీమా సంగతి అడిగితే, బోటు ఎక్కేముందు తాము సంతకం చేసిన పత్రం ఉందని చెబుతారు. ఆ పత్రం డైవింగ్ కేంద్రాన్ని బాధ్యత నుంచి తప్పించడానికి రాసుకున్నదే కానీ, డైవర్‌కు వైద్యం చేయించేది కాదు. అందుకే ఈ సమీక్షలో ప్రీమియం ఎంత, లాభం ఎంత అన్న లెక్క కంటే, ప్రమాదం జరిగిన గంటల్లో ఈ సేవ నిజంగా ఏ పని చేస్తుంది, ఏ పని చేయలేదు అన్న విషయానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందుగా డైవర్లకు వచ్చే జబ్బు గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మామూలు ఆరోగ్య బీమా ఇక్కడ ఎందుకు చాలదో దానివల్లే తెలుస్తుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ మన మీద ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. ఆ పీడనంలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలోనూ కణజాలంలోనూ కరుగుతుంది. పైకి రావడం త్వరగా జరిగితే, కొన్నిసార్లు నియమాలన్నీ పాటించినా సరే, కరిగిన వాయువు బుడగలుగా విడిపడి కీళ్లలో నొప్పి, చర్మంపై మచ్చలు, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కడం, కళ్లు తిరగడం, వెన్నుపాము దెబ్బతింటే నడవలేకపోవడం వరకూ తీసుకువస్తుంది. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. ఊపిరి బిగబట్టి పైకి వచ్చినప్పుడు ఊపిరితిత్తుల నుంచి గాలి నేరుగా ధమనుల్లోకి చేరే ప్రమాదం ఇంకా తీవ్రమైనది. దాని లక్షణాలు నీటి పైకి వచ్చిన నిమిషాల్లోనే కనిపిస్తాయి. ఈ రెండింటికీ ప్రథమ చికిత్స నూరు శాతం ఆక్సిజన్, అసలు చికిత్స రీకంప్రెషన్ చాంబర్, అంటే రోగిని లోపల ఉంచి పీడనం పెంచే గది. చాలాచోట్ల అనుసరించే అమెరికా నౌకాదళ చికిత్సా పట్టికల్లో ఆరవదాని ప్రకారం, రోగిని 18 మీటర్ల లోతులో ఉండే పీడనానికి తీసుకువెళ్లి, మధ్యమధ్య గాలి పీల్చే విరామాలతో ఆక్సిజన్ ఇస్తూ, 4 గంటల 45 నిమిషాలపాటు క్రమంగా పీడనం తగ్గిస్తారు. లక్షణాలు మిగిలితే ఆ సమయాన్ని పొడిగిస్తారు, తర్వాతి రోజుల్లో మళ్లీ చేస్తారు. ఈ పనికి వైద్యుడు, చాంబర్ నడిపే సాంకేతిక సిబ్బంది, పెద్ద చాంబర్లలో రోగితోపాటు లోపల కూర్చునే సహాయకుడు కావాలి. దీనికి రోగిని అక్కడికి చేర్చే ఖర్చు తోడైతే, ఎంతో సంపన్నులు తప్ప ఎవరూ సొంతంగా భరించలేరు.

డాన్ సంస్థ 1980లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో, డ్యూక్ విశ్వవిద్యాలయంలో, పీటర్ బెన్నెట్ నాయకత్వంలో మొదలైంది. మొదట అది డైవింగ్ ప్రమాదాల విషయంలో వైద్యులకూ డైవర్లకూ సలహా ఇచ్చే టెలిఫోన్ సేవ. బీమా తర్వాత వచ్చి చేరింది. సంస్థ ఇప్పటికీ బాగా చేస్తున్న పని ఆ మొదటిదేనని నా అభిప్రాయం. అత్యవసర ఫోన్ నంబరు, +1 919 684 9111, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, సభ్యులు కానివారు చేసినా సమాధానం ఇస్తుంది. ఒక ద్వీపంలో మా బృందంలోని సహచరుడికి డైవ్ ముగిసిన కొన్ని గంటలకు మోచేతి కింద తిమ్మిరి మొదలైంది. సిలిండర్ మోయడంవల్ల నరం నొక్కుకుని ఉంటుందని, నిద్రపోతే తగ్గుతుందని అక్కడి శిక్షకుడు సర్దిచెప్పాడు. మేము ఫోన్ చేసినప్పుడు అవతలి వ్యక్తి ముందుగా సభ్యత్వ సంఖ్య అడగలేదు. ఎన్ని డైవ్‌లు, ఎంత లోతు, లక్షణం ఎప్పుడు మొదలైంది, రెండు చేతుల పట్టులో తేడా ఉందా, కళ్లు మూసుకుని నిలబడితే తూలుతున్నాడా, మూత్రం మామూలుగా వస్తోందా అని ఒక్కొక్కటే అడిగి, ఆక్సిజన్ వెంటనే పెట్టమని, దానితో తిమ్మిరి తగ్గినా చాంబర్‌కు వెళ్లవలసిందేనని స్పష్టంగా చెప్పారు. ఆక్సిజన్‌తో ఉపశమనం కలిగినంత మాత్రాన లోపలి గాయం మానినట్టు కాదు; చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ రాత్రి మాకు డబ్బు హామీ కంటే ఆ నిర్ణయం చెప్పే వైద్యపరిజ్ఞానమే ముఖ్యమైంది.

ఇక కొనుగోలు విషయంలో ఎక్కువమంది పొరబడే చోటు ఒకటుంది. సభ్యత్వం వేరు, ప్రమాద బీమా వేరు. సభ్యత్వంతో ప్రధానంగా వచ్చేది వైద్యపరమైన తరలింపు సదుపాయం, అంటే మనల్ని తగిన ఆసుపత్రికి చేర్చడం. చాంబర్‌లో జరిగే చికిత్సకు డబ్బు చెల్లించేది బీమా మాత్రమే, దానికి ప్రీమియం అదనంగా కట్టాలి. సభ్యత్వ కార్డు జేబులో ఉంది కాబట్టి అన్నీ ఉన్నాయనుకున్నవారిని నేను చాలామందిని చూశాను. తరలింపు సదుపాయానికి కూడా షరతులున్నాయి. నేను చదివిన పత్రం ప్రకారం అది ఇంటి నుంచి 50 మైళ్లు, అంటే సుమారు 80 కిలోమీటర్లు దాటిన ప్రయాణాలకే వర్తిస్తుంది. విశాఖలో ఉంటూ రుషికొండలో డైవ్ చేసేవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. మరో షరతు, తరలింపును ఆ సంస్థ ద్వారానే ఏర్పాటు చేయించుకోవాలి. ఆదుర్దాలో మనమే విమానమో హెలికాప్టరో మాట్లాడుకుని తర్వాత బిల్లు పంపితే తిరిగి రాకపోవచ్చు. ఈ షరతు కఠినంగా కనిపించినా వైద్యపరంగా అందులో న్యాయం ఉంది. మామూలు ప్రయాణికుల విమానంలో క్యాబిన్ పీడనం దాదాపు 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతగా తగ్గవచ్చు, అప్పుడు శరీరంలోని బుడగలు ఇంకా పెద్దవవుతాయి. కాబట్టి రోగిని తక్కువ ఎత్తులో ఎగిరే హెలికాప్టర్‌లోనో, సముద్రమట్టపు పీడనం నిలిపి ఉంచే ఎయిర్ అంబులెన్స్‌లోనో తీసుకువెళ్లాలి. ఈ సంగతి తెలిసినవారి చేతిలో తరలింపు ఉండటమే మేలు.

ఇంత చెప్పాక కూడా ఒక హద్దు మిగిలే ఉంటుంది. బీమా ఖర్చు చెల్లించగలదు కానీ, లేని చాంబర్‌ను తెచ్చి పెట్టలేదు. మన డైవర్లు ఎక్కువగా వెళ్లే అండమాన్‌నే తీసుకుంటే, డైవింగ్ ఎక్కువగా జరిగేది 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మార్చిన హేవ్‌లాక్‌లో. డైవర్లకు ఆధారమైన చాంబర్ ఉన్నది ఇప్పుడు శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లోని నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరిలో. రెండింటి మధ్య సముద్రం ఉంది. చీకటి పడ్డాక మామూలు ఫెర్రీలు నడవవు, వానాకాలంలో సముద్రం పోటెత్తితే పగలు కూడా ఆగిపోతాయి. సాయంత్రం తిమ్మిరి మొదలైన డైవర్‌కు ఎంత పెద్ద మొత్తానికి పాలసీ ఉన్నా, తెల్లవారేవరకు ఆ ద్వీపంలో ఎంత ఆక్సిజన్ నిల్వ ఉందన్నదే ప్రాణాధారం. అందుకే నేను డైవింగ్ కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు పాలసీ పత్రంతో సమానంగా దీన్ని అడుగుతాను: బోటులో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, అది చాంబర్ చేరేవరకు సరిపోతుందా, దాన్ని వాడటం ఎవరికి తెలుసు? మాల్దీవులలో పరిస్థితి కొంత మెరుగు. బండోస్, కురమతి ద్వీపాల్లో చాంబర్లు ఉన్నాయి. అయినా దూరపు పగడపు దీవుల నుంచి అక్కడికి చేరడం మళ్లీ సముద్రం మీదో గాలిలోనో ప్రయాణమే.

హైదరాబాద్ వంటి నగరాల్లో హైపర్‌బారిక్ ఆక్సిజన్ కేంద్రాలు, అంటే అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే కేంద్రాలు ఉన్నాయి కదా అని కొందరు ధైర్యం చెబుతారు. వాటిలో చాలావరకు మధుమేహం వల్ల మానని పుండ్లకూ, రేడియేషన్ గాయాలకూ పగటిపూట చికిత్స చేసేవి. ఒక్క రోగి పడుకునే గొట్టంలాంటి చాంబర్‌లో డైవర్‌కు చికిత్స చేయడం అసాధ్యం కాదు కానీ, తగిన పీడనం, గాలి విరామం ఇచ్చే ఏర్పాటు, డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టర్, రాత్రివేళ వచ్చే సిబ్బంది ఉండాలి. గాలితో ఉబ్బే మెత్తని సంచుల్లాంటి యంత్రాలైతే దాదాపు 1.3 వాతావరణాల పీడనాన్ని మాత్రమే ఇస్తాయి; డైవర్ చికిత్సకు కావలసింది 2.8. వాటి ప్రకటనలు చూసి మోసపోకూడదు. అమెరికాలో స్థిరపడి ఫ్లోరిడాలోనో మెక్సికో గల్ఫ్ తీరంలోనో డైవ్ చేసే మనవాళ్లు కూడా ఈ విషయంలో నిశ్చింతగా ఉండటానికి లేదు. అక్కడ చాంబర్లు చాలానే ఉన్నా, డైవింగ్ ప్రమాదాలను రాత్రింబగళ్లు తీసుకునే కేంద్రాలు తగ్గిపోతున్నాయని డాన్ సంస్థే చాలాకాలంగా ఆందోళన వ్యక్తం చేస్తోంది. ముందుగా ఆ సంస్థకు ఫోన్ చేస్తే ఏ చాంబర్ ఆ సమయానికి రోగిని తీసుకోగలదో వారు వెతికి చెబుతారు. సభ్యత్వానికి కట్టే డబ్బు ఆ వెతుకులాటకు నిలకడ ఇస్తుందన్న ఒక్క కారణం చాలు నాకు.

మన దేశపు ఆరోగ్య బీమాతో దీన్ని పోల్చకుండా సమీక్ష పూర్తికాదు. బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ప్రామాణిక మినహాయింపుల్లో తొమ్మిదవది సాహస క్రీడలకు సంబంధించినది. అందులో స్కూబా డైవింగ్ పేరు, లోతైన సముద్రపు డైవింగ్ పేరు రెండూ స్పష్టంగా ఉన్నాయి. అయితే ఆ వాక్యం వృత్తిగా పాల్గొన్నప్పుడు కలిగే చికిత్స ఖర్చులకే మినహాయింపు చెబుతుంది. వినోదం కోసం డైవ్ చేసిన వ్యక్తి క్లెయిమ్‌ను ఆ నిబంధన చూపించి తిరస్కరిస్తే, ఆ ఒక్క మాటను పట్టుకుని వాదించవచ్చు. శిక్షకులుగా పనిచేసే యువతీయువకులకు మాత్రం ఆ తలుపు మూసుకుపోతుంది, నిజానికి అందరికంటే ఎక్కువగా నీటిలో ఉండేది వారే. ఇక్కడ మరో చిక్కు ఉంది. చాలా పాలసీలు కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరి ఉండాలనో, లేదా చికిత్స డే కేర్ (ఒక్క రోజులోనే ముగిసే చికిత్సల) జాబితాలో ఉండాలనో అంటాయి. చాంబర్ చికిత్స ఐదు గంటల్లోపే ముగియవచ్చు. ప్రయాణ బీమా, వ్యక్తిగత ప్రమాద బీమా పత్రాల భాష ఇంకా వేరు. వాటిలో సాహస క్రీడలను పూర్తిగా మినహాయించినవి ఉన్నాయి, అదనపు ప్రీమియంతో చేర్చి లోతుకు హద్దు పెట్టినవీ ఉన్నాయి, సర్టిఫికేషన్ ఉండాలని గానీ అర్హుడైన శిక్షకుడు పక్కన ఉండాలని గానీ అడిగేవీ ఉన్నాయి. ఏజెంటు నోటిమాటగా ‘అన్నీ కవర్ అవుతాయండి’ అంటే సరిపోదు; డైవింగ్, హైపర్‌బారిక్ చికిత్స, తరలింపు అనే మూడు మాటలకూ రాతపూర్వకంగా ఈమెయిల్‌లో జవాబు తీసుకోవాలి.

డాన్ లోపాల గురించి కూడా నిర్మొహమాటంగా రాస్తాను. నివసించే దేశాన్ని బట్టి ఏ ప్రాంతీయ శాఖ వర్తిస్తుంది, ఏ ప్లాన్ అమ్ముతారు, ఎంత మొత్తం ఇస్తారు అన్నవి మారిపోతాయి. అమెరికాలో ఉన్న బంధువు కొన్న ప్లాన్ వివరాలు వాట్సాప్‌లో చూసి హైదరాబాద్‌లో ఉన్నవారు తమకూ అంతే అనుకోవడం ప్రమాదం. ఆసుపత్రి ముందుగా డబ్బు అడిగే చోట మనం కట్టి, బిల్లులూ చికిత్స నివేదికలూ డైవ్ లాగ్ వివరాలూ జతచేసి, తర్వాత రాబట్టుకోవలసిన పరిస్థితి రావచ్చు. పత్రాలన్నీ న్యాయపరిభాషతో నిండిన ఇంగ్లిషులో ఉంటాయి.

విశాఖ డైవర్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఉదయం రుషికొండలో డైవ్ చేసి, మధ్యాహ్నం అరకు బయలుదేరే కార్యక్రమాలను పర్యాటకులు వేసుకుంటున్నారు. అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, దారిలో అనంతగిరి ఘాట్ అంతకంటే ఎత్తుకు ఎక్కుతుంది. డైవ్ తర్వాత విమానమెక్కడానికి డాన్ సూచించే విరామం ఒక్క డైవ్‌కు కనీసం 12 గంటలు, పలు డైవ్‌లకు కనీసం 18 గంటలు. ఆ సూచన 600 మీటర్లు దాటిన ఎత్తులకు చెప్పినదే కాబట్టి కొండదారికీ దాన్నే పాటించడం క్షేమం. ముందు అరకు చూసి వచ్చి, చివరి రోజుల్లో డైవ్ పెట్టుకుని, తిరుగు విమానానికి ఒక పూర్తి రోజు వదలడం మంచిది.

నా తీర్పు ఇది. ఏడాదికి ఒక్కసారైనా డైవింగ్‌కు వెళ్లేవారు సభ్యత్వం, బీమా రెండూ కలిపి కొనాలి, సభ్యత్వంతో మాత్రమే సరిపెట్టుకోకూడదు. ప్లాన్ ఎంచుకునేటప్పుడు కెమెరా, సామాను నష్టపరిహారం వంటి అదనపు ఆకర్షణల కోసం పై మెట్టుకు వెళ్లనక్కరలేదు. చికిత్స మొత్తం, తరలింపు మొత్తం, లోతుకు హద్దు ఉందా లేదా అన్నవి చూస్తే చాలు. కొన్న రోజునే అత్యవసర నంబరును ఫోన్‌లో దాచుకుని, సభ్యత్వ సంఖ్యను డైవ్ బడ్డీకీ (జతగా నీటిలో దిగే తోటి డైవర్‌కు) ఇంట్లో ఒకరికీ ఇవ్వాలి, ఎందుకంటే అవసరం వచ్చినప్పుడు ఫోన్ చేసేది సాధారణంగా రోగి కాదు.