మార్బుల్ ప్యాలెసా, కాలికో మ్యూజియమా?

రెండూ వర్తక కుటుంబాల ఇళ్లే. కోల్‌కతా చోర్‌బగాన్‌లోని మార్బుల్ ప్యాలెస్‌ను రాజేంద్ర మల్లిక్ 1835లో కట్టించారు. సారాభాయ్‌లు 1949లో పెట్టిన బట్టల మ్యూజియం కాలికో ఇప్పుడు అహ్మదాబాద్ షాహీబాగ్‌లో, వాళ్ల బంగళా ఆవరణలో ఉంది.

మార్బుల్ ప్యాలెస్‌లో పాలరాతి బొమ్మలు, గడియారాలు, నిలువుటద్దాలు, రూబెన్స్ గీశారని చెప్పే చిత్రాలు కిక్కిరిసి ఉంటాయి. బొమ్మల కన్నా ఇల్లే చూడాలి అక్కడ.

ఒక్కటే చూసే వీలుంటే మాత్రం కాలికోకే వెళ్లండి. లోపల మసకగా ఉందని విసుక్కోవద్దు. అద్దకపు రంగు ఒకసారి వెలిస్తే మళ్లీ రాదు. అందుకే పాత బట్టల మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరాదంటారు, తైలవర్ణాలకైతే 200 దాకా పర్వాలేదు. కళ్లు అలవాటు పడేదాకా ఆగితే మన కోరమాండల్ తీరపు కలంకారీల్లో చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసిన ఎరుపు, దాన్ని చుట్టిన నల్లగీత విడివిడిగా తెలుస్తాయి. ఆ నలుపు ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసింది. బట్ట ముందు చివికేది ఆ గీతల దగ్గరే, ఇనుము నూలును తినేస్తుంది కాబట్టి.

కాలికోకు ముందే బుక్ చేసుకోవాలి, గైడు వెంటే తిరగాలి, బుధవారం సెలవు. మార్బుల్ ప్యాలెస్‌కు ముందురోజే పర్యాటక కార్యాలయంలో అనుమతి చీటీ తీసుకోవాలి. సోమ, గురువారాలు మూత. ఫొటోలు రెండుచోట్లా కుదరవు.