పోర్టు మార్చాలా, బోర్డే మార్చేయాలా?

మా బావమరిది టైప్-సి చార్జర్ ల్యాప్‌టాప్‌కి చార్జింగ్ ఎక్కడం ఆగిపోయింది. సర్వీస్ సెంటర్ వాళ్లు నాలుగు రోజులు ఉంచుకుని, మదర్‌బోర్డు పోయింది, మార్చాలి అన్నారు. ఎస్టిమేట్ చూస్తే, ఇంకాస్త వేసుకుంటే కొత్తదే వచ్చేలా ఉంది. సరే, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిన్న భాగాల్ని విడిగా బాగుచేసే పని చేసే ఒకతని దగ్గరికి తీసుకెళ్లాం. స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే అతను అడిగాడు: "ప్లగ్ తిరగేసి పెట్టి చూశారా అన్నా?" చూడలేదు. తిరగేసి పెడితే చార్జింగ్ లైటు వెలిగింది!

టైప్-సి పోర్టులో 24 పిన్నులుంటాయి. ఎన్ని వోల్టులు కావాలో ల్యాప్‌టాప్, చార్జర్ మాట్లాడుకునేది సీసీ అనే లైన్ మీద. ఆ సీసీ పిన్నులు రెండు. ప్లగ్ ఎటు తిప్పి పెడితే అటుది పనిచేస్తుంది. ఒకవైపే చార్జ్ అవుతోందంటే, చాలాసార్లు రెండో దాని కాంటాక్టు పోయిందని అర్థం. దానికి బోర్డు మొత్తం మార్చడమంటే ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకోవడమే.

అలాగని బోర్డు మార్చమన్న ప్రతివాడూ మోసగాడు కాదు. సీసీ పక్క పిన్నులోనే చార్జింగ్ వోల్టేజీ వస్తుంది, అది చాలా ల్యాప్‌టాప్‌లకు 20 వోల్టుల దాకా ఉంటుంది. పోర్టులో పిన్ను వంగినా, టీ ఒలికినా ఆ 20 వోల్టులు సీసీ మీదికి దూకి, వెనకున్న పవర్ చిప్‌ను కాల్చేయొచ్చు. అప్పుడు పోర్టు ఒక్కటే మారిస్తే డబ్బులు దండగ. చార్జర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్యలో వోల్టులు చూపించే చిన్న యూఎస్‌బీ మీటర్ పెట్టి చూడండి. ప్లగ్ ఎటు తిప్పినా 5 వోల్టుల దగ్గరే ఆగిపోతే చిప్‌ను కూడా అనుమానించాలి. అదీ విడిగా మార్చదగ్గదే. తడికి బోర్డు లోపలి పొరలు కాలిపోతేనో, తుప్పు పట్టి చాలా చోట్ల దెబ్బతింటేనో బోర్డు మార్చమనడంలో న్యాయముంది.

పోర్టు మార్పిడిలో అసలు ప్రమాదం పాతది ఊడదీసేటప్పుడే. దాని కాళ్లు బోర్డు గ్రౌండ్ పొరలోకి దిగి ఉంటాయి. ఆ రాగి పొర వేడిని పీల్చేసుకుంటుంది. ఫ్యాక్టరీలో వాడే సీసం లేని సోల్డర్ (అతుకు లోహం) దాదాపు 217 డిగ్రీల దగ్గరగానీ కరగదు. మా సీటీసీ అతను ముందు బోర్డును కింద నుంచి వేడెక్కించి, కాళ్ల దగ్గర 138 డిగ్రీలకే కరిగే బిస్మత్ సోల్డర్ కలిపాడు. తర్వాత హాట్ ఎయిర్ పెడితే పోర్టు తనంతట తానే వదులైంది. ఇదంతా లేకుండా ఉత్త సోల్డరింగ్ ఐరన్ పెట్టి లాగితే పోర్టుతో పాటు బోర్డు మీద కాళ్లు అతికే రాగి ప్యాడ్లు కూడా లేచొస్తాయి. సీసీ లైన్‌కైతే సన్న తీగతో జంపర్ వేయొచ్చు. హైస్పీడ్ డేటా లైన్లకు అలా వేస్తే మానిటరో, ఎస్‌ఎస్‌డీనో సరిగ్గా పట్టకపోవచ్చు.

బోర్డు మారిస్తే పని శుభ్రంగానే ఉంటుంది, కాకపోతే స్టోరేజీ బోర్డుకే అతికి ఉన్న మోడలైతే డేటా పాత బోర్డుతోనే పోతుంది. విండోస్‌లో డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, డ్రైవ్ విడిగా ఉన్నా కొత్త బోర్డు రికవరీ కీ అడుగుతుంది. అది ఎక్కడుందో ముందే చూసుకోండి, తర్వాత టెన్షన్ పడొద్దు. వారంటీలో ఫ్రీగా మారుస్తామంటే మాత్రం రెండో ఆలోచన వద్దు.

ఒక్కోసారి ఈ గొడవే ఉండదు. 2016 నుంచి వచ్చిన చాలా మాక్‌బుక్ ప్రోల్లో టైప్-సి పోర్టులు మెయిన్ బోర్డు మీద కాకుండా చిన్న విడి బోర్డు మీద ఉంటాయి. పాత గుండ్రటి చార్జింగ్ జాక్‌లు కూడా చాలావాటిలో వైరుకే ఉంటాయి. అలాంటివి విప్పి మార్చేయడమే, సోల్డరింగ్ అక్కర్లేదు.

చార్జ్ అయ్యే పోర్టు రెండోది ఉంటే దాంతో నెట్టుకురావచ్చు. కానీ వదులైన పోర్టు వేడెక్కుతోంటే, కాలిన వాసన వస్తోంటే ఆ పోర్టును వాడకండి.

నా ఓటు పోర్టు మార్పిడికే, అదీ మనిషిని చూసి. ఇచ్చేముందు రెండు అడగండి: కింద నుంచి వేడిచేసే ప్రీహీటర్ ఉందా, మైక్రోస్కోప్ ఉందా? "అవన్నీ ఎందుకు సార్, ఐదు నిమిషాల పని" అంటే ల్యాప్‌టాప్ మళ్లీ బ్యాగులో పెట్టుకుని పక్క షాపుకి వెళ్లండి.