కొటియా ఫీల్డ్‌వర్క్: సెమిలిగూడ లాడ్జి, రెండు పింఛన్లు, వెదురు కొమ్ముల కూర

ఆంధ్రా, ఒడిశా రెండూ మాదంటే మాదనే కొటియా ఊళ్ల మీద ప్రాజెక్టు చేద్దామనుకునే పబ్లిక్ పాలసీ పిల్లలకు ముందుగా ఒక్క మాట. అక్కడికి వెళ్లేవాళ్లు దిగే ఒడిశా ఊరు సెమిలిగూడలో లాడ్జి ఫోన్లో మాట్లాడుకుంటే ఆ రేటు వాట్సాప్‌లో రాయించుకోండి. మేం రాయించుకోలేదు, అందుకే ఈ సోదంతా.

మాది హైదరాబాద్‌లో ఎం.ఏ. రెండో ఏడు. ‘విధానాల అమలు’ పేపరుకి ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. మిగతా బ్యాచ్‌లు హాయిగా మెట్రో మీదా చెరువుల మీదా పడ్డాయి. మేం నలుగురం కొటియా అన్నాం. ఒకవైపు నుంచి చూస్తే ఆ ఊళ్లు ఒడిశా కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో ఉంటాయి, ఇంకోవైపు నుంచి చూస్తే ఆంధ్రా పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలంలో. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు సర్వే కాకుండా మిగిలిపోయిన కొండ ఊళ్లవి. 1968లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది, యథాతథ స్థితి అన్నారు. 2021లో ఆంధ్రా వాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం కేసు వేసింది. సరిహద్దు ఎక్కడో ఇప్పటికీ తేలలేదు. పాలసీ చదివేవాళ్లకి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది చెప్పండి?

2025 జనవరిలో బయల్దేరాం. విజయనగరం, సాలూరు, సుంకి ఘాట్ మీదుగా బస్సు. ఘాట్ బాగుంది, మా నలుగురిలో కేరళ కుర్రాడు తప్ప ఎవరూ వాంతి చేసుకోలేదు.

లాడ్జికి చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఫోన్లో గదికి రూ.900 అన్నవాడు కౌంటర్ దగ్గర రూ.1,400 అన్నాడు. దేవమాలి కొండ చూడ్డానికి జనం వస్తున్నారట, సీజనట. మా బరంపురం అమ్మాయి ఇంట్లో తెలుగు, బయట ఒడియా. ముందు ఒడియాలో మర్యాదగా అడిగింది, తర్వాత తెలుగులో కడిగేసింది. అతనికి తెలుగు మాకంటే బాగా వచ్చు. నవ్వుతూ విన్నాడు, రేటు మాత్రం దించలేదు. బయట చలికి పళ్లు టకటకలాడుతున్నాయి, ఇంకెక్కడికి పోతాం? రెండు గదులు తీసుకున్నాం.

బాత్రూంలో గీజరుంది. దాని వైరు ప్లగ్గు దగ్గర కత్తిరించి, కొసకి నల్ల టేపు శుభ్రంగా చుట్టారు. వేన్నీళ్లు కావాలంటే కింద నుంచి బకెట్ రూ.30. పొద్దున నలుగురికీ కలిపి రూ.120. గీజరు పాడైతే టేపు అంత శ్రద్ధగా ఎందుకు చుడతారని ఢిల్లీ అమ్మాయి అడిగింది. నిజమే కదా.

అసలు రగడ బిల్లు దగ్గర. బిల్లు లేనిదే మా యూనివర్సిటీ పైసా ఇవ్వదు. కౌంటరాయన తాపీగా “బిల్లు కావాలంటే పద్దెనిమిది శాతం జీఎస్టీ పడుద్ది” అన్నాడు. అంటే గదికి ఇంకో రూ.252. నేను పబ్లిక్ ఫైనాన్స్ పేపరు రాసింది ఈ రోజు కోసమే కాబోలు. అప్పటికి రూ.7,500 లోపు గదులకి పన్ను 12 శాతమే, లెక్క ప్రకారం రూ.168. అదీ జీఎస్టీ నంబరున్న లాడ్జి అయితేనే. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చెయ్యకూడదు. “మీ నంబరు బిల్లు మీద వెయ్యండి, ఇస్తాం” అన్నాను. పుస్తకం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఎవరికో ఫోన్ చేశాడు. చివరికి పన్ను మాట లేకుండా రూ.1,400 చొప్పున రాసిచ్చాడు. గెలిచాననే అనుకున్నాను. కేరళ కుర్రాడు మాత్రం గదికి ఐదొందలు ఎక్కువ ఇచ్చాంగా అని గుర్తుచేసి నా సంబరం మీద నీళ్లు చల్లాడు.

అదే రోడ్డులో వంద గజాల దూరంలో ఒక తెలుగావిడ మెస్సు నడుపుతోంది. పార్వతీపురం నుంచి పెళ్లి చేసుకొచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. భోజనం రూ.80. పప్పు, చారు, ఎండబెట్టిన వెదురు కొమ్ములు ఎండుచేపతో వండిన కూర. మొదట వాసనకి ఢిల్లీ అమ్మాయి ప్లేటు పక్కకి జరిపింది. ఆవిడ చూసి, “ఏటమ్మా, వాసన చూసి బయపడితే ఎలాగ, ఒక్క ముద్ద తినీసి చెప్పు” అని తనే కలిపి పెట్టింది. పులుపూ కారం కలిసి, కొమ్ము ఇంకా పళ్ల కింద కరకరలాడుతూ ఉంది. ఆ పిల్ల మూడుసార్లు కూర వేయించుకుంది. లాడ్జి గొడవ విని మెస్సావిడ పైనున్న గదులు చూపించింది. గది రూ.700, కట్టెల పొయ్యి మీద కాచిన వేన్నీళ్లు ఊరికే. మిగతా రోజులు అక్కడే ఉన్నాం. చెప్పుకోడానికి ఏమీ లేదు, అంత సుఖంగా గడిచాయి.

కొటియాకి జీపు రోజుకి రూ.2,800 ఇచ్చాం. ముందు రూ.3,500 అడిగారు, అలా అడిగితే ఒప్పుకోకండి. ఊళ్లలో రెండు ప్రభుత్వాల బోర్డులూ ఉన్నాయి. ఒకావిడ మా ముందు ట్రంకుపెట్టె తెరిచి రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు చాప మీద పేక ముక్కల్లా పరిచింది. పింఛను ఆంధ్రాది నాలుగు వేలు, ఒడిశాది వెయ్యి. “ఒకటో తారీకున అటోలు ఇత్తారు, పదిహేనున ఇటోలు ఇత్తారు” అంది. ఇది డబుల్ బెనిఫిట్ కదా అని మావాడు నోట్‌బుక్ తీశాడు. ఆవిడ చెప్పిన రెండో మాట విన్నాక మూసేశాడు. ఒంట్లో బాగోకపోతే మాత్రం ఇటోలు అటు ఎల్లమంటారు, అటోలు ఇటు ఎల్లమంటారు అంది. మా రిపోర్టుకి అక్కడే శీర్షిక దొరికింది.

రెండు వైపుల ఆఫీసులకీ వెళ్లాం. ఒకచోట టీ ఇచ్చారు, లెక్కలు ఇవ్వలేదు. ఇంకోచోట ఇంగ్లీషు లెటరు చెల్లదన్నారు. స్థానిక భాషలో రాసి పట్టుకెళ్తే సంతకం పెట్టే సారు లేరన్నారు. ఏది ఏ వైపో చెప్పను, మా జూనియర్లు మళ్లీ వెళ్లాలి కదా.

తిరిగొచ్చాక అకౌంట్స్ సెక్షన్ గదికి రూ.1,000 దాటి ఒప్పుకోలేదు, వేన్నీళ్లయితే అసలు ఖర్చే కాదంది. మెస్సావిడ చిత్తు కాగితం మీద రాసిచ్చిన లెక్కని మాత్రం మారుమాట్లాడకుండా పాస్ చేశారు. ఆ ఒక్క లాడ్జి రాత్రికి రూ.920 చేతి నుంచి పడింది. తలా రూ.230. కేరళ కుర్రాడు నాకింకా బాకీ.