తొమ్మిది కుర్చీలు, ఒకే టేబుల్: సిట్ అండ్ గో పోకర్ టోర్నమెంట్‌పై సమీక్ష

పోకర్ ఆడేవారిలో చాలామందికి మొదట అలవాటయ్యేది క్యాష్ గేమే, అంటే చిప్స్‌ను నేరుగా డబ్బుగా లెక్కించి, ఎప్పుడైనా చేరి ఎప్పుడైనా లేచిపోగలిగే ఆటే. నేనూ ఏళ్ల తరబడి అదే ఆడాను. కొంతకాలంగా మాత్రం ఆడాలని కూర్చున్న ప్రతిసారీ నా మనసు ఒకే టేబుల్ టోర్నమెంట్ వైపే మొగ్గుతోంది. ఆటగాళ్లు దీన్ని సిట్ అండ్ గో అంటారు. ఏ వేదికపై ఆడినా దీని స్వరూపం ఇంచుమించు ఒకేలా ఉంటుంది కనుక, ఆ ఆట పద్ధతినే ఇక్కడ క్యాష్ గేమ్ పక్కన పెట్టి తూచి చూస్తున్నాను.

దీనికి ముందుగా ప్రకటించిన సమయం ఉండదు. తొమ్మిదో కుర్చీ నిండగానే ఆట మొదలవుతుంది. అందరికీ సమానంగా, సాధారణంగా 1500 చిప్స్ చొప్పున ఇస్తారు. ప్రతి హ్యాండ్‌లో, అంటే ఒక్కో పంపకంలో, ఇద్దరు ఆటగాళ్లు ముక్కలు చూడకముందే వంతులవారీగా పెట్టవలసిన చిన్న, పెద్ద పందేలను బ్లైండ్లు అంటారు. అవి 10, 20తో మొదలై, మామూలు వేగంలో పది నిమిషాలకోసారి పెరుగుతూ పోతాయి. చిప్స్ అయిపోయినవారు లేచిపోవలసిందే, మళ్లీ కొనుక్కునే వీలు లేదు. పోగైన సొమ్ములో సగం మొదటి స్థానానికి, 30 శాతం రెండో స్థానానికి, 20 శాతం మూడో స్థానానికి పోతాయి. అంటే తలా 100 వేసుకుంటే మొత్తం 900 అవుతుంది, అందులో 450, 270, 180 చొప్పున ముగ్గురికి దక్కుతాయి, మిగిలిన ఆరుగురూ ఉత్త చేతులతో వెళ్తారు. నిర్వాహకుల రుసుము విడిగా ముందే చెల్లించాలి. మొదటి పంపకం నుంచి చివరి ముక్క దాకా గంటకు అటూ ఇటూగా పడుతుంది.

నాకు అన్నింటికన్నా నచ్చిన గుణం, ఈ ఆటకు ముగింపు ఉండటం. క్యాష్ గేమ్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవవచ్చు. వినడానికి అది గొప్ప స్వేచ్ఛగానే ఉంటుంది కానీ, ఓడుతున్నవాడికి ఆ స్వేచ్ఛే ఉచ్చుగా మారుతుంది. పోయినది రాబట్టుకుని లేద్దామని ఒకసారి చిప్స్ కొంటాం, ఆ తరువాత మరొకసారి కొంటాం, తెల్లవారేసరికి మొదట అనుకున్నదానికి నాలుగింతలు పోగొట్టుకుని ఉంటాం. గెలుస్తున్నవాడి పరిస్థితీ ఏమంత మెరుగు కాదు, ఇప్పుడు లేవాలా ఇంకాసేపు ఉండాలా అన్న ప్రశ్న అతన్ని ప్రతి హ్యాండ్‌కూ పీకుతూనే ఉంటుంది. ఒకే టేబుల్ టోర్నమెంట్‌లో ఈ రెండు బాధలూ లేవు. ఎంత పోతుందో కూర్చునే ముందే తెలుసు, ఎప్పుడు లేవాలో ఆటే చెబుతుంది, కనుక తలలో మిగిలిన చోటంతా ముక్కలకూ మనుషులకూ కేటాయించవచ్చు.

రెండో గుణం, ఒక్క గంటలోనే మూడు నాలుగు రకాల పోకర్ ఆడించడం. మొదట్లో మన దగ్గర 75 పెద్ద బ్లైండ్లకు సరిపడా చిప్స్ ఉంటాయి, తొందరేమీ ఉండదు, మంచి ముక్కలు వచ్చేదాకా పారేస్తూ కూర్చోవచ్చు. ఇద్దరు ముగ్గురు వెళ్లిపోయాక ఇతరుల బ్లైండ్లను లాక్కోవడం మొదలుపెట్టకపోతే మన చిప్స్ వాటంతటవే కరిగిపోతాయి. నలుగురు మిగిలి, బ్లైండ్లు 200, 400 దాకా వచ్చేసరికి టేబుల్ మీద ఉన్న 13,500 చిప్స్‌ను నలుగురికీ పంచితే ఒక్కొక్కరికి ఎనిమిదిన్నర పెద్ద బ్లైండ్లు కూడా రావు. అప్పుడిక ఫ్లాప్, అంటే అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కలు, చూసి ఆలోచించే ఆట పోయి, ఉన్నదంతా తోయడమా పారేయడమా అన్న ఆట వస్తుంది. చివరికి ఇద్దరే మిగిలినప్పుడు గంట క్రితం చూడకుండా పారేసిన ముక్కలతోనే ఆలిన్, అంటే ఉన్నదంతా పందెం, అనవలసి వస్తుంది. క్యాష్ గేమ్‌లో బ్లైండ్లు కదలవు కనుక, ఈ మార్పులన్నీ ఒక్క కూర్చోవడంలో అనుభవానికి రావు.

అసలు రుచి మాత్రం చిప్ విలువలో ఉంది. క్యాష్ గేమ్‌లో చిప్ అంటే డబ్బే, చిప్స్ రెట్టింపైతే డబ్బూ రెట్టింపవుతుంది. ఇక్కడ అలా కాదు, ఎందుకంటే చిప్స్ మొత్తం ఊడ్చేసినవాడికి కూడా దక్కేది సగం సొమ్మే. ఎవరి చిప్స్‌కు ఎంత డబ్బు విలువ కట్టాలో చెప్పే లెక్కను ఆటగాళ్లు ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. గుర్రప్పందాలలో ఏ గుర్రం ఏ స్థానంలో రాగలదో అంచనా వేయడానికి 1973లో డేవిడ్ హార్విల్ ఇచ్చిన సూత్రమే దానికి పునాది. మొదటి హ్యాండ్‌లోనే ఒకరిని ఓడించి 3000 చిప్స్ చేసుకున్నామనుకుందాం. ఆ లెక్క ప్రకారం 100 విలువైన మన వాటా 200 కాదు, 182.50 మాత్రమే అవుతుంది. అందువల్ల ప్రారంభంలో ఉన్నదంతా ఒడ్డాలంటే నెగ్గే అవకాశం నూటికి 55 దాకా ఉండాలి, సగానికి సగం అవకాశంతో దూకితే దీర్ఘకాలంలో నష్టమే.

ఈ లెక్క బుర్రకెక్కడం వేరు, చేతి వేళ్లకు ఎక్కడం వేరు. అది నాకు ఒక హ్యాండ్‌లో బాగా తెలిసివచ్చింది. నలుగురం మిగిలాం, అందరి చిప్స్ దాదాపు సమానం, బహుమతులు ముగ్గురికే. నాకు ఇస్పేటు ఆసు, డైమను రాణి వచ్చాయి. నా కన్నా ముందు మాట్లాడవలసిన ఆటగాడు ఉన్నదంతా తోశాడు. నా బ్లైండ్ ఏదీ పాట్‌లో, అంటే టేబుల్ మధ్య పోగైన పందెంలో, లేదు. క్యాష్ గేమ్ అయితే, అతను తక్కువ చిప్స్‌తో, అంతంత మాత్రం ముక్కలకే తోస్తున్నాడని తెలిసినప్పుడు, అర క్షణం కూడా ఆలోచించకుండా చిప్స్ ముందుకు నెట్టేవాణ్ణి. ఇక్కడ ఆగి లెక్క వేశాను. నలుగురూ సమానమైతే ఒక్కొక్కరి వాటా విలువ 225. నెగ్గితే నాది 345 అవుతుంది, ఓడితే సున్నా. బ్లైండ్లను పక్కన పెట్టి చూస్తే, అతని పందేనికి సమానంగా చిప్స్ పెట్టడానికి నూటికి 65 సార్లు నెగ్గగలగాలి. అతను ముక్కలు చూడకుండానే తోశాడనుకున్నా నా ఆసు, రాణి నెగ్గేది నూటికి 64 సార్లే, చూసి ఏరుకుని తోశాడు కనుక అంతకన్నా తక్కువే. పారేశాను. అంత మంచి ముక్కలు పారేస్తూ అంత తృప్తి పడిన సందర్భం నాకు క్యాష్ గేమ్‌లో ఒక్కటీ గుర్తు లేదు.

రెండు హ్యాండ్ల తరువాత మరో ఇద్దరు ఢీకొన్నారు, ఒకరు లేచిపోయారు. ఒక్క చిప్ కూడా గెలవకుండానే నా 225 విలువ 277 దాటింది. ఇతరులు ఒకరితో ఒకరు కొట్టుకుంటుంటే మన విలువ పెరగడం క్యాష్ గేమ్‌లో ఊహకు కూడా అందని సంగతి. అందుకే మూడు బహుమతుల ముందు నలుగురు మిగిలిన ఆ పది నిమిషాల్లో, బబుల్ అని పిలిచే ఆ ఘట్టంలో, టేబుల్ మీద ప్రతి ఒక్కరూ తక్కినవారి చిప్స్ లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఎక్కువ చిప్స్ ఉన్నవాడు అందరినీ బెదిరిస్తాడు, తక్కువ ఉన్నవాడు ఎప్పుడు పోతాడా అని మధ్యవారు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఇద్దరే మిగిలాక ఈ భయమంతా ఒక్కసారిగా తొలగిపోతుంది. ఇద్దరికీ 270 ఖాయం, పోరాటం మిగిలిన 180 కోసమే, చిప్ మళ్లీ నేరుగా డబ్బుతో సమానమవుతుంది. గంటసేపు బిగబట్టిన చేతులను అలా వదులు చేయడంలో ఉన్న హాయి ఆడినవారికే తెలుస్తుంది.

పోకర్‌లో పేరుమోసిన వార్షిక పోటీల వరుస అయిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో కూడా ఒకే టేబుల్ ఆటకు పెద్ద చోటే ఉంది. 1971లో జానీ మాస్ నెగ్గిన ప్రధాన పోటీలో ఆడింది పదిమంది లోపే, అంటే అది ఒక్క టేబుల్ ఆటే. ఆ తరువాతి కాలంలో పదిమంది తలా వెయ్యి డాలర్లు వేసుకుని ఒకే టేబుల్ ఆడి, నెగ్గిన ఒక్కరు పదివేల డాలర్ల ప్రధాన పోటీలో కుర్చీ సంపాదించుకునే శాటిలైట్ పద్ధతి వచ్చింది. ఆ రకంలో రెండో స్థానానికి ఏమీ ఉండదు కనుక పైన చెప్పిన లెక్కలేవీ అక్కర్లేదు, చిప్స్ పోగేయడమే పని.

లోపాలు లేకపోలేదు. రుసుము మొదటిది. 100 పందేనికి 10 అదనంగా కట్టే చోట, అందరితో సమానంగా ఆడగలిగినవాడు కూడా సగటున ఆటకు 10 చొప్పున పోగొట్టుకుంటాడు. క్యాష్ గేమ్‌లో కూడా ప్రతి పాట్ నుంచి నిర్వాహకులు కొంత తీసుకుంటారు కానీ, ముక్కలు పారేసే ఓపికగల ఆటగాడిపై ఆ భారం తక్కువ పడుతుంది. సమాన నైపుణ్యం ఉన్నవాడు మూడింట రెండుసార్లు ఉత్త చేతులతోనే లేస్తాడు, వరుసగా పది ఆటలు ఏమీ రాకపోయినా వింత కాదు. ఇక చివరి దశలో తోయడం, పారేయడం అన్న రెండు ఎంపికలే మిగులుతాయి కనుక, ఏ ముక్కలతో తోయాలో చెప్పే పట్టికలు బట్టీ పట్టినవారి ముందు మనిషిని చదివే నైపుణ్యానికి విలువ తగ్గుతుంది. ఒకసారి నేను ఆడుతున్న ఆన్‌లైన్ వేదిక బబుల్ దగ్గర మొరాయించి, తిరిగి తెరుచుకునేసరికి నా బ్లైండ్లు తిరిగి తిరిగి సగం చిప్స్ కొట్టుకుపోయి ఉన్నాయి, ఎంత అడిగినా పరిహారం రాలేదు. క్యాష్ గేమ్‌లో అలా జరిగితే బ్లైండ్లు పోకుండా కుర్చీని కాసేపు పక్కన పెడతారు.

వంద, రెండు వందల పెద్ద బ్లైండ్లకు సరిపడా చిప్స్‌తో ఫ్లాప్, ఆ తరువాత తెరిచే నాలుగో ముక్క టర్న్, ఐదో ముక్క రివర్ మూడింటిపైనా పందెం పెంచుకుంటూ పోయే ఆలోచనలో ఆనందం వెతుక్కునేవారికి క్యాష్ గేమే సరైన చోటు, ఈ విషయంలో నాకు సందేహం లేదు. ఒక పొరపాటు చేసినా అక్కడ మరుసటి హ్యాండ్‌లో మళ్లీ నిండు చిప్స్‌తో కూర్చోవచ్చు.

ఒకే టేబుల్ ఆటను మొదటిసారి ప్రయత్నించేవారు వేగాన్ని చూసి ఎంచుకోవాలి. మూడు నిమిషాలకోసారి బ్లైండ్లు పెరిగే హైపర్ టర్బోలో మొదటి దశ కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది, నేను మెచ్చుకున్న ఆ మార్పులు రుచి చూసే వ్యవధే ఉండదు. ముగ్గురు కూర్చోగానే బహుమతి ఎంతో లాటరీలా తేలే రకాన్ని కూడా నేను కొన్నాళ్లు ఆడి వదిలేశాను, అందులో బబుల్ అన్నదే లేదు. తొమ్మిది కుర్చీలు, పది నిమిషాల బ్లైండ్లు, మూడు బహుమతులు ఉన్నదే వెతికి కూర్చోండి, ఒకేసారి రెండు మూడు టేబుళ్లు తెరవకుండా ఒక్కదాన్నే ఆడండి. నలుగురు మిగిలేసరికి ఎవరు ఏ ముక్కలతో తోస్తున్నారో గుర్తుండేది అలా ఆడినప్పుడే.