పాత బోటు: చెక్కదా, ఫైబర్‌దా?

కాకినాడ, ఉప్పాడ వైపు మొదటిసారి పాత మోటారు బోటు కొనేవాళ్లు తేల్చుకోవాల్సింది ఇదే. చెక్క నావలో లోపం దాగదు: పలకలోకి చాకుమొన మెత్తగా దిగిందంటే పుచ్చినట్టే. కానీ సందుల్లో దూది కూరడం, నూనె పూయడం ఏటా తప్పదు. పని తెలిసిన వడ్రంగి దొరకడమూ కష్టమే.

ఫైబర్‌ది పైకి నిగనిగలాడుతుంది. మోసమంతా అక్కడే! ఇంజిన్ బిగించే వెనక భాగంలో, ఫైబర్ పొరల మధ్య ఉన్న చెక్క కుళ్లి ఉండొచ్చు. సుత్తి పిడితో తట్టండి. 'టక్' మనకుండా 'దబ్' మని మొద్దుగా మోగితే నీరు పట్టిందని అనుమానించాలి. ఇంజిన్ పట్టుకుని ఊపితే వెనక భాగం కదలకూడదు. కొత్తగా రంగేసి అమ్మేవాళ్లంటే నాకు మరీ టెన్షన్.

వెనక గట్టిగా ఉంటే నా ఓటు ఫైబర్‌కే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి బోట్లు ఒడ్డునే ఉంటాయి. అడుగు చూడ్డానికీ, మరమ్మతుకూ అదే అదను.